ఆవుకి రోజ్‌మిల్క్

“ఈ దినం నేనే వేస్తా. నువ్వు చెయ్యి పెట్టద్దు,” అంది మునివెంకటమ్మ.

“వెయ్యి తల్లీ. నా చెయ్యి మంచిది కాదేమో,” అంటూ ఆమె మొగుడు బచ్చప్ప గూట్లోంచి గాజు గ్లాసు తీసి ఇచ్చాడు.

ఆమె మోకాళ్లు పట్టుకుంటూ బావి దగ్గరికి నడిచింది. తనే నీళ్లు తోడి గ్లాసు నింపింది. ఆవు పొదుగు కడిగే పర్మాంగనేట్ డబ్బా తెరిచి ఒక్క పలుకు వేసింది. గులాబీ రంగు పొగలా దిగి గ్లాసంతా పాకింది.

లక్కూరు బయట, తోటలో ఇల్లు వాళ్లది. పోయిన వానలకు పేడతిప్ప గట్టు తెగి కుళ్లంతా బావిలోకి దిగింది. మల్బరీకి ఎరువు మోయడం సులువని ఆ తిప్పను బావి పక్కన వేసింది బచ్చప్పే. ఆ నీళ్లు తాగి మునివెంకటమ్మకూ, మనవరాలు అర్పితకూ ఒకేసారి వాంతులు పట్టుకున్నాయి. కోలారు ఆస్పత్రిలో మునివెంకటమ్మ చాలా రోజులు ఒంటిమీద తెలివి లేకుండా పడి ఉంది.

తిరిగి వచ్చేసరికి ఇంట్లో కొడుకూ కోడలూ పాపా లేరు. టేకల్‌లో కోడలి పుట్టింట్లో ఉన్నారనీ, బావి నీళ్లు బాగుపడిన రోజు పాప వస్తుందనీ బచ్చప్ప చెప్పాడు.

పంచాయతీ నుంచి వచ్చిన గిరీశ్ బావి తోడించి, మందు కలిపి, ఈ పరీక్ష నేర్పించి పోయాడు. నీళ్లలో కుళ్లు ఉంటే అది మందును తినేస్తుంది. రంగు పోయి నీళ్లు టీ డికాక్షన్‌లా అవుతాయి. కుళ్లు లేకపోతే గులాబీ రంగు అలాగే నిలుస్తుంది.

ఆమె చూస్తుండగా ఒక్కరోజూ నిలవలేదు.

“గూట్లో బెల్లం తరిగిపోతా ఉండాది,” అంది మునివెంకటమ్మ, గ్లాసు మీంచి చూపు తిప్పకుండా. “పాప వస్తే చెనిక్కాయల ఉండలు కట్టాలని దాచిపెట్టుకున్నా. షుగరు పెట్టుకొని దొంగగా తింటా ఉండావా?”

“నేనా? చీమలే.”

“ఏ చీమ? పంచె కట్టుకున్న చీమా?”

బచ్చప్ప నవ్వాడు. సొంత పెళ్లిలో మామ చెప్పులు దాచి, ఆయన్ని వట్టి కాళ్లతో మాలూరు దాకా నడిపించిన మనిషి అతను.

“ఫోన్ చెయ్యప్పా. పాపతో మాట్లాడాల.”

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమెకు చెవులు మందగించాయి. పక్కన కూర్చుని గట్టిగా చెబితేనే వినబడుతుంది. ఫోన్లో మాటలు బచ్చప్పే చెప్పాలి.

అతను ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

“ఏమంటాది?”

“ఆవుకి ఇంగా రోజ్‌మిల్క్ పోస్తా ఉండారా అంటాది.”

మునివెంకటమ్మ ముఖం విచ్చుకుంది. పొదుగు కడిగే నీళ్లను పాప అలాగే అనేది. నాకూ ఒక గ్లాసు కావాలని కాళ్లు నేలకేసి కొట్టేది.

“ఇంగేమంటాది?”

“అవ్వ నోట్లో పండ్లు ఉండాయా, అన్నీ రాలిపోయినాయా అంటాది.”

“తాత బుద్ధులే వచ్చినాయి దానికి. రానీ, చెప్తా.”

బచ్చప్ప ఫోన్ జేబులో వేసుకుని మొహం పక్కకు తిప్పుకున్నాడు.

“చూడప్పా, రంగు ఇంగా ఉండాది.” ఆమె గ్లాసు మీదికి వంగింది. “ఉండాది కదా? దాని గౌన్లు ఉతికి పెట్టాల నేను.”

గ్లాసు అడుగున ముందు పసుపు రంగు తిరిగింది. అది మెల్లగా పైకి పాకింది. కాసేపటికి గ్లాసంతా డికాక్షన్ రంగే.

మునివెంకటమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

“నా ప్రాణం ఉండంగా దాన్ని చూస్తానా?”

“ఇంగ కొంచెం మందు కలిపిస్తాంలే. రేపు నిలస్తాది.”

“ఇది కూడా నీ తమాషా అయితే నిన్ను ఆ బావిలోకే తోస్తా.”

“తోసెయ్. నీళ్లు ఇంగా చెడిపోతాయి,” అన్నాడు బచ్చప్ప.

ఆమె ఏడుపులోనే నవ్వి, ముక్కు తుడుచుకుని, పాలు పిండడానికి కొట్టంలోకి వెళ్లింది.

అతను గ్లాసు పారబోశాడు. తనే అడుగున పూసి ఆరబెట్టిన బెల్లం పాకం జిడ్డు పోయేదాకా బూడిదతో రుద్ది కడిగాడు. అదే బావి నీళ్లు నింపాడు. అదే డబ్బాలోంచి ఒక్క పలుకు వేశాడు. గట్టు మీద కూర్చుని చూశాడు. కొట్టంలో పాలు పిండడం అయిపోవచ్చింది. గులాబీ రంగు అలాగే ఉంది.

అతను గ్లాసు పట్టుకుని, మునివెంకటమ్మ మోకాళ్లు తీసుకుపోలేని మామిడిచెట్ల వెనక్కి నడిచి, ఆ వానల్లో అర్పితను పూడ్చిన చోట, తలవైపు, రోజ్‌మిల్క్ కొంచెం కొంచెంగా పోశాడు.