మూడుచోట్ల ఆగే బస్సు

ఖమ్మం డాక్టర్ సోమవారం దాకా గడువిచ్చాడు. ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉంది, ఇంకా చిన్నదే, ఆపరేషన్ చేసి తీసేద్దామా వద్దా చెప్పమన్నాడు. తుల్సీరాం ఆ కాగితాలు సంచిలో పెట్టుకుని టేకులపల్లి బస్సెక్కాడు.

కారేపల్లి రాకముందే సీట్లోంచి లేచాడు. అడగక్కర్లేకుండానే డ్రైవర్ జంపయ్య బస్సు ఆపాడు. రెండేళ్లుగా ఇదే తంతు. దారిలో మూడుచోట్ల ఆపాల్సి వచ్చినా జంపయ్య ఏనాడూ విసుక్కోలేదు. పైగా, ఒక్కడే నిలబడితే సిగ్గుపడతాడేమోనని తనూ దిగి పక్క పొద దగ్గర నిలబడేవాడు. అంత మంచివాడు గనకే, ఇంట్లో చెప్పకముందే తుల్సీరాం అతనికి చెప్పాడు.

"ఆపరేషన్ జేస్తరట జంపన్నా. కోతంటే భయమైతాంది."

"వద్దే వద్దు! నీకిప్పుడేం తక్కువైందన్నా? ఐదుసార్లయినా ఆపుత."

"క్యాన్సరట. ఉచ్చే గదా అని రెండేండ్లు ఊకున్న."

జంపయ్య పొద దగ్గర నుంచి కదల్లేదు. బస్సులో జనం కేకలేస్తున్నారు. తుల్సీరాం పని అయిపోయి చాలాసేపైంది.

"నువ్వు బాగైతే," అన్నాడు జంపయ్య, తల తిప్పకుండానే, "నేనెవరి పేరు జెప్పి బస్సాపాలె?"

తుల్సీరాం వెళ్లి అతని పక్కనే నిలబడ్డాడు.

"సోమవారం లీవు పెట్టు, ఇద్దరం కలిసి ఖమ్మం పోదాం. నేను ఆపరేషన్‌కు ఒప్పుకుంట, నువ్వు పరీక్ష జేపిచ్చుకో. దారిల బస్సాపమని నేనే అడుగుత."