ఊడవని గది

"తెనాలి వచ్చేసింది. ఇక్కడే దిగిపోదాం మావా," అంటూ చౌడేశ్వరి సంచులు లాగింది.

"హైదరాబాద్ వదిలింది వేటకెళ్దామనేగా? మా నాన్న పడవ ఉన్నది బాపట్ల తీరంలో," అన్నాడు నాగశివ.

"మా నాన్నని మింగిన సముద్రంలోకి నిన్ను పంపలేను. ఇక్కడే ఏదో పని చూసుకో."

"హైదరాబాద్‌లో నేను బండి మీద పార్సిళ్లకి వెళ్తే, తిరిగొచ్చేదాకా గది ఊడ్చేదానివి కాదు. ఎందుకు?"

మగాళ్లు వేటకెళ్తే, పడవలు ఒడ్డు చేరేదాకా వాళ్ల పల్లెలో ఏ ఆడమనిషీ చీపురు ముట్టదు.

"అంటే అక్కడా భయపడ్డావు."

"రోజూ. పక్కగది ఆవిడకి చెబితే నవ్వింది."

రైలు కదిలింది. చౌడేశ్వరి సంచుల్ని మళ్లీ సీటు కిందకి తోసింది.

"భయం పోయిందా?"

"పోలేదు మావా. పల్లెలోనైతే నాతోపాటు ఊడవకుండా కూర్చునేవాళ్లు ఉంటారు."