నెత్తిమీద గీత

“గుడివాడ షాపాయన ఈ గేమ్ సీడీ సాయంత్రం దాకా ఆడి చూడమన్నాడు, హైమా. నచ్చితేనే కొందాం,” అన్నాడు ఈశ్వరప్రసాద్, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండా.

పొద్దుటి నుంచీ మినుములు చెరుగుతున్న హైమ అడిగింది. “ఏముంది ఇందులో?”

“ఇల్లూ, సంసారమూ. మనమే నడపాలి. మనసుకి హాయి.”

“ఉన్న సంసారం నడిపి అలిసిపోయారు మరి, పాపం.”

ఆ మాట ఆయనకి తగల్లేదు. “అదిగో, ఈ ఇల్లాలి నెత్తిమీద గీత ఎర్రబడింది. అలిసిపోయిందన్నమాట. వంట ఆపించి పడుకోబెట్టాలి.” గబగబా మౌస్ నొక్కాడు. తెరమీది ఇల్లాలు పడుకుంది.

హైమ చేట కింద పెట్టింది. ఆడవాళ్ళ అలసట ఆయన కంటికి ఆనదని పదమూడేళ్ళుగా సరిపెట్టుకుంది. ఆనుతుందన్నమాట.

“ఎలా ఉంది? కొందామా? అన్నట్టు, కాస్త కాఫీ ఇస్తావా?”

“ఇస్తాను. కొనేయండి. ఆవిడన్నా నడుం వాలుస్తుంది.”