నీళ్లొచ్చే రోజు

రెబెకాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. పాపను ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని.

పాపకు పదహారు నెలలు. మొగుడు ఫిలిప్ చీమకుర్తి నుంచి గ్రానైట్ లారీ తోలుకుని వెళితే వారానికి గానీ తిరిగి రాడు. వీధిలో కొత్త మనిషి కనబడితే చాలు, రెబెకా తలుపు గడియ పెట్టేది.

ఆమె ధైర్యమంతా ఫోన్‌లోనే. మిరపకాయల తొడిమలు తీసే పని లేని రోజున, మధ్యాహ్నం పూట, చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కత్తియుద్ధాల ఆట ఆడేది.

ఆ ఆటలో కేడ్రన్ అని ఒక వీరుడు. ఇనప కవచం, పొడుగు కత్తి.

కాపలా కాయాల్సిన పూట కోట వదిలి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి రాజుగారి బిడ్డలు ప్రాణాలతో లేరు. అప్పటినుంచి కనబడిన పిల్లనల్లా, శత్రువుల పిల్లలతో సహా, తన డాలు చాటున దాచుకుంటూ తిరుగుతాడు.

కేడ్రన్ అంటే మన కుర్రాళ్లకు పిచ్చి. 'కేడ్రన్ అన్న' అని గ్రూపు పెట్టారు. గుంటూరులో ఫ్లెక్సీ కట్టి పాలు కూడా పోశారు. గ్రూపు నడిపేది వాసిం, అక్కడే డిగ్రీ చదువుతున్నాడు.

"ఎంతైనా ద్రోహి కదరా!" అని ఒకడంటే, "నీ మొహం, దేవుడ్రా!" అని ఇంకొకడు. ఆట ఆడుతూ ఇయర్‌ఫోన్లలో రోజూ ఇదే గోల.

ఆ గోలలో కలవనివాడు ఒక్కడే. 'కాపలా' అనే పేరుతో ఆడేవాడు. మాట తక్కువ.

ఒకనాడు వాడే అన్నాడు, "వాడికి క్షమాపణ లేదు. నెత్తిన పెట్టుకోవడం మీ పిచ్చి."

"మరి రోజూ వాడి వేషమే ఎందుకేస్తావన్నా?" వాసిం ఎకసెక్కమాడాడు.



రెబెకాకు ఉండబట్టలేదు. "తప్పు చేశాక మళ్లీ వచ్చి నిలబడ్డాడు గదన్నా. మనిషన్నవాడు అంతకన్నా ఏం చేస్తాడు?"

కాపలా గొంతు తగ్గించాడు.

"నీ వెనకాల ఏడ్చేది పాపేనా చెల్లెమ్మా? ఎన్నో నెల?"

చెప్పింది. చెప్పాక నాలిక కరుచుకుంది.

అదిగో, అక్కడ మొదలైంది.

యుద్ధం మంచి పట్టులో ఉండగా, "పాప నడుస్తోందా?" అనేవాడు.

కోట కూలుతుంటే, "పాప ఇప్పుడెక్కడుంది?" అనేవాడు.

ఒక బుధవారం, "మీకు నీళ్ల ట్యాంకర్ ఏ రోజొస్తుందమ్మా?" అన్నాడు.

రెబెకా పాపను ఒళ్లోకి లాక్కుంది. ట్యాంకరొస్తే ఆడవాళ్లంతా బిందెలతో వీధి చివరే. ఇళ్లన్నీ తెరిచే ఉంటాయి.

"నీకెందుకు?"

"ఊరికే. మాకూ ట్యాంకర్ నీళ్లేలే, చీమకుర్తి పక్కన."

ఇంత దగ్గరా! వెంటనే వాసింకు ఫోన్ చేసింది.

"వాడి కన్ను నా పిల్ల మీద పడింది తమ్ముడూ! ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో ఆరా తీస్తున్నాడు."

"నువ్వేం బెంగపెట్టుకోకక్కా. వాడి సంగతి నేను చూస్తాగా."

చూశాడు. గ్రూపు గ్రూపంతా తిట్టింది. పిల్లల్నెత్తుకుపోయేవాడని వాడి పేరు అందరికీ పంపారు. వాడు ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. తిట్లన్నీ అయ్యేదాకా ఉన్నాడు. ఆ తరువాత గెంటేశారు.

శుక్రవారం ట్యాంకర్ వచ్చింది.

రెబెకా పెరట్లో డ్రమ్ములూ టబ్బులూ నింపుకుంది. వీధి తలుపుకు లోపలి నుంచి తాళం వేసి, తలుపుకెదురుగా కూర్చుంది. ఇక ఏ దొంగ వస్తాడో చూద్దాం అనుకుని ఆట తెరిచింది.

ఆట సగంలో ఆ పాడు గొంతు గుర్తొచ్చింది. ఇంట్లో మగాడు ఎప్పుడుండడని అడగలేదు. ఇల్లెక్కడని అడగలేదు. ట్యాంకర్ రోజే ఎందుకు కావలసి వచ్చింది వాడికి? ఆ రోజు ఇంట్లో కొత్తగా ఏముంటుందని, నీళ్లు తప్ప?

గిరుక్కున వెనక్కి తిరిగింది.

పెరట్లో టబ్బు అంచు మీద పాప బోర్లా వాలి ఉంది. కాళ్లు నేలకు అందడం లేదు. జుట్టు నీళ్లలో తేలుతోంది.

ఫోన్ ఎక్కడ పడిందో తెలియదు. ఒక్క ఉదుటున వెళ్లి లాగింది. పాప దగ్గింది. కక్కింది. తరువాత వీధంతా వినబడేట్టు గుక్కపట్టింది.

ఏడవనీ అని రెబెకా ఊరుకోబెట్టలేదు.

డాక్టరు చూసి, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు.

సాయంత్రం వాసింకు ఫోన్ చేసింది. "ఆయన్ని మళ్లీ గ్రూపులో చేర్చు."

"ఎవర్ని? ఆ దొంగనా?"

"ఆయన్నే."

జరిగింది విన్నాక వాసిం వెంటనే పనిలో పడ్డాడు. వెతికాడు. ఆటలో ఆ పేరు లేదు. నంబరు స్విచాఫ్. చీమకుర్తిలో ఇదే ఆట ఆడే స్నేహితుడికి ఆ నంబరిచ్చి, ఊళ్లో కనుక్కోమన్నాడు.

ఆదివారం, రెబెకా చర్చి నుంచి వస్తుండగా ఫోన్ మోగింది.

"అక్కా..." అన్నాడు వాసిం. "మనం ఎంత పని చేశామక్కా!"

అతను చెప్పింది విని రెబెకా రోడ్డు పక్కనే కూర్చుంది. తనది తొమ్మిదో తరగతితో ఆగిన చదువు. తప్పులు దిద్దుకోవడానికి కూడా ఆగకుండా, అక్కడి నుంచే గ్రూపులో రాసింది:

"కాపలా అన్న పేరు బుడాన్. చీమకుర్తిలో రాయి కోసే పని. మనం తిట్టిన రోజు నుంచి పనిలోకి పోవడం లేదంట, తలుపు కొట్టినా తీయడం లేదంట. నేను పాపనెత్తుకుని బస్సుకు బయల్దేరుతున్నా. నిరుడు ట్యాంకరొచ్చిన రోజున, ఇదే ఆటలో మునిగి, ఏడాదిన్నర కూతుర్ని నీళ్ల టబ్బులో పోగొట్టుకున్న ఆ తండ్రి ఎలా ఉన్నాడో, నాకన్నా దగ్గరున్నవాళ్లు ఎవరైనా సరే, దయచేసి ఇప్పుడే వెళ్లి చూడండి."