ఐదు వేళ్లు

ఖాజాబీ కూతురి చెంప మీద పొక్కులు వేడినీళ్లు పడి వచ్చినవి కావట, తల్లి ఐదు వేళ్లేనట. ఎదురింటి మాణిక్యమ్మ పంపు దగ్గర ఈ మాట అంటే, బిందెలు నిండే లోపు బాపట్లలో ఆ వీధంతా తెలిసిపోయింది. కన్నతల్లేనా అని కూడా అందట.

ఐదు వేళ్లన్నది నిజమే. ఖాజాబీ మూడేళ్లుగా రైలెక్కి వేటపాలెం జీడిపప్పు కార్ఖానాకు పోతోంది. గింజలు కొట్టీ కొట్టీ చేతులు నల్లబడ్డాయి. తొక్కల్లోంచి కారే ఆ జీడి ఎక్కడ అంటితే అక్కడ పొక్కుతుంది. అందుకని ఆరేళ్ల నస్రీన్‌కు స్నానం, జడ, ముద్ద అన్నీ నానమ్మే. పక్క కూడా నానమ్మ దగ్గరే.

బుధవారం సాయంత్రం పని నుంచి వస్తుంటే పిల్ల వీధిలోకి ఎదురొచ్చి చెయ్యి పట్టుకోబోయింది. జీడి అంటుద్దని రెండుసార్లు విదిలించింది ఖాజాబీ. మూడోసారీ మీదికొచ్చేసరికి, ఒళ్లు అలిసి ఉందేమో, ఛెళ్లున ఒకటిచ్చింది. మూడేళ్లు దూరం పెట్టి కాచుకున్న ఒంటి మీద తనే వాత పెట్టింది.

అప్పటినుంచి నస్రీన్ ఆ చెంప మీది నుంచి చెయ్యి తియ్యడం లేదు. నానమ్మ కొబ్బరినూనె రాయబోతే తల తిప్పేసుకుంది. కోపం దిగలేదనుకుంది ఖాజాబీ. పిల్ల ఇక తన దగ్గరికి రాదేమోనని బెంగతో అన్నం సయించలేదు.

శనివారం పని మానుకుని బడికి వెళ్లింది. కృపారావు మాస్టారు ప్రతి శనివారం ఒకటో తరగతి పిల్లల్ని, ఈ వారం మీకు ఎప్పుడు సంతోషం వేసిందని అడుగుతాడు. సంతోషమంటే కొత్త బట్టలే కాదని, రోజూ జరిగేవాటిలోనే ఉంటుందని వాళ్లకు తెలియాలని ఆయన తాపత్రయం. ఖాజాబీ గుమ్మంలోనే ఆగి, చేతులు కొంగు కింద దాచుకుంది.

"తప్పు నాదే సార్. ఇవాళ దాన్ని ఏం అడగొద్దండి," అంది గొంతు తగ్గించి.

"అడక్కపోతే మనసులోనే పెట్టుకుంటుందమ్మా. చెప్పనివ్వండి."

చంటి తమ గేదె ఈనినప్పుడన్నాడు. శ్రావ్య వానకి బడి వదిలేసినప్పుడంది. నస్రీన్ లేచి నిలబడింది. చెయ్యి చెంప మీద అలాగే ఉంది.

"మొన్న అమ్మ కొట్టినప్పుడు సార్."

పిల్లలు గొల్లుమన్నారు. మాస్టారు గుమ్మం వైపు చూడలేకపోయాడు.

"కొడితే సంతోషమేంటమ్మా?"

"అమ్మ చెయ్యి నాకు తగిలింది కద సార్."