ఇరవై కాసుల నికానామా

గౌసియా నికానామాని, అంటే పెళ్లి ఒప్పందం కాగితాన్ని, మాయం చేస్తే నవీన్‌బాబుకి జర్మనీలో ఉద్యోగం. సుభానీ ఫోన్లో ఒట్టేసి మరీ చెప్పాడు.

ఇద్దరూ జగ్గయ్యపేటలో ఒకే బెంచీ మీద చదివినవాళ్లు. ఇప్పుడు సుభానీ జర్మనీలో ఉన్నాడు. నవీన్‌బాబు చిల్లకల్లు హైవే పక్కన పంచర్ల షాపు నడుపుతున్నాడు.

సుభానీ మీద భార్య గౌసియా అక్కడి కోర్టులో విడాకుల కేసు వేసింది. నికా నాడు మెహర్‌గా, అంటే పెళ్లికూతురికి ఇవ్వాల్సిన సొమ్ముగా, రాసిచ్చిన ఇరవై కాసుల బంగారం ఇప్పించమంది. షరియా సంగతులు జర్మనీ జడ్జికేం తెలుస్తాయిలే అని సుభానీ ధీమాగా కూర్చున్నాడు. తీరా ఆ జడ్జి, రాసుకున్నది ఒప్పందమే, అసలు నికానామా చూపిస్తే ఇవ్వాల్సిందే అన్నాడు.

దాంతో సుభానీ అసలు నికాయే జరగలేదని బొంకాడు. ఖాజీగారి రిజిస్టరు మున్నేరు వరదలో నాని ముద్దయిపోయింది. తన కాగితం తనే చింపేశాడు. మిగిలిన ఒక్కటీ నందిగామలో, గౌసియా వాళ్ల లాయరు ఉమాకాంతం దగ్గరుంది.

నవీన్‌బాబు పొలం అఫిడవిట్ వంకతో వెళ్లాడు. ఉమాకాంతం ఫైలు బల్ల మీదే వదిలేసి, ఇప్పుడే టీ తాగిన మనిషి మళ్లీ టీకని బయటికి నడిచాడు. పని ఇంత తేలికని నవీన్‌బాబు అనుకోలేదు. కాగితాన్ని చొక్కాలో దోపుకొచ్చి, షాపు వెనక తగలబెట్టి, వీడియో పంపాడు.

"పాస్‌పోర్టు రెడీ చేసుకోరా" అన్నాడు సుభానీ.

ఇంకేముంది, నవీన్‌బాబు కాళ్లు నేల మీద ఆగలేదు. మే నెల ఎండల్లో వెతికి వెతికి స్వెట్టరు కూడా కొన్నాడు.

మూడు నెలలకి ఉమాకాంతం కారు వచ్చి షాపు ముందే ఆగింది.

"కాగితం బాగా కాలిందా నాయనా?"

ఏ కాగితమండి అని నవీన్‌బాబు నసిగాడు.

"కంగారుపడకు, కేసు పెట్టన్లే. నికా జరగలేదని సుభానీ కోర్టులో ప్రమాణం చేశాడు. నాకు మెహరొద్దు, ఆయన మాటే రాసుకోండని గౌసియా కూడా చెప్పింది. జడ్జిగారు అలాగే రాసుకున్నారు."

"అయితే మావాడు గెలిచినట్టేగదండి?"

"గెలిచాడు" అన్నాడు ఉమాకాంతం తీరిగ్గా. "అక్కడి ఆసుపత్రిలో నర్సు ఆ పిల్ల, ఆమె మొగుణ్ణని చూపించే వీడు వీసా తెచ్చుకున్నాడు, పెళ్లే లేదన్నాక ఆ వీసా కూడా పోయింది, రేపు పొద్దున శంషాబాద్‌లో దిగుతున్నాడు, నీ షాపులో పనేమన్నా ఉంటే ఇవ్వు పాపం."