నికరేత శోకాలు

"వాడి మీద గుప్పెడు మట్టైనా వేయనివ్వండి, రాణమ్మా!"

నికరేత కాళ్ళ మీద పడబోతే రాణి అల్కిథియా వెనక్కి జరిగింది.

"నా మొగుణ్ణి చంపినవాడికి మట్టా? కుక్కలకు వేయిస్తాను. మట్టి పడని ప్రాణం చచ్చినవాళ్ళ నది దాటలేక ఒడ్డునే పడి ఏడుస్తుందటగా. ఏడవనీ!"

నికరేతను రాజు దాసీగా లాక్కొచ్చాడని ఆమె తమ్ముడు లికిదాస్ తిరగబడ్డాడు. చిన్నప్పుడు రాజుతో కలిసి కుస్తీ నేర్చుకున్నవాడే, ఇద్దరిదీ ఒకటే ఒడ్డూ పొడుగూ. తెల్లవారుతూనే కోటగుమ్మంలో ఒకరి కత్తికి ఒకరు బలయ్యారు. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది నికరేతే.

రాణికి అంతటితో కసి తీరలేదు.

"నా మొగుడికి స్నానం నువ్వే చేయించాలి. శోకాలు నువ్వే పెట్టాలి. గొంతు తగ్గిందా, కొరడా లేస్తుంది. ఆ రెండోవాణ్ణి గోతంలో చుట్టి బండెక్కించేదీ నువ్వే."

"సరేనమ్మా."

"కడుపుతో ఉన్నాను, శవం ముఖం చూడకూడదు. ముసుగు వేసి తీసుకురా."

శవానికి స్నానం ఆడవాళ్ళ పని. మగవాళ్ళు రెండు శవాలనూ గదిలో దించి, అంటు తగులుతుందని వెనక్కి చూడకుండా పోయారు. నికరేత తలుపు వేసుకుంది.

మధ్యాహ్నం రాజలాంఛనాలతో చితి అంటించారు. తేనె పోశారు, ద్రాక్షసారా పోశారు. నికరేత జుట్టు మొదలంటా కోసి మంటలో వేసింది. గుండెలు బాదుకుంటూ నేలమీద పొర్లింది. ఊరు ఊరంతా నోరు వెళ్ళబెట్టింది.

ముసలి దాసి మిర్తలే ఆమె చెయ్యి పట్టి లాగింది.

"తమ్ముణ్ణి పొట్టన పెట్టుకున్నవాడికి ఇంత ఏడుపా? సిగ్గులేదుటే?"

"ఏడవమన్నారు, ఏడుస్తున్నాను."

"బానిస బుద్ధి!" అని మిర్తలే ఉమ్మేసింది.

రాణికి మాత్రం కడుపు నిండినట్టయింది. నికరేతను కోటగోడ మీదికి లాక్కెళ్ళి కిందికి చూపించింది. దూరంగా కుక్కలు గోతాన్ని చీల్చి పీకులాడుకుంటున్నాయి.

"చూడవే, కళ్ళారా చూడు!"

"చూస్తున్నాను రాణమ్మా. పాపం, బాగా ఆకలి మీదున్నట్టున్నాయి."

రాణి పగలబడి నవ్వింది. నికరేత కళ్ళు తుడుచుకుని చితివైపు తిరిగి దణ్ణం పెట్టింది.

చితిలో కాలుతున్నది లికిదాస్.